నూకరాజు పోస్టు ఖాళీ

పొన్నాడ వరహాలరావు గారి సర్వీసులో మచ్చ లేదు. మచ్చ పడాలంటే ముందు కాగితం మీద చెయ్యి పడాలి కదా. పాఠ్యగ్రంథ సంస్కరణ మండలిలో గుమాస్తాగా చేరి, ఉపసంచాలకుడి కుర్చీ దాకా ఎక్కి వచ్చిన ఆ మహానుభావుడు దారిలో ఎక్కడా ‘సరే’ అన్న పాపాన పోలేదు, ‘వద్దు’ అన్న పాపానా పోలేదు. ఎవరేమడిగినా ‘చూద్దాం’ అనేవారు. అడిగినవాడికి ఆశ మిగిలేది, అన్నవాడికి పూచీ ఉండేది కాదు.

ఇంట్లోనూ అదే వరస. భార్య రాజ్యం గారు “వంకాయ కూరా, బెండకాయ వేపుడా?” అని అడిగితే “చూద్దాం” అని పేపరు తిరగేసేవారు. ఆవిడ విసుగెత్తి వంకాయ వండేది. ఉప్పు ఎక్కువైన రోజున “నేను వంకాయ అనలేదుగా” అనే సదుపాయం ఆయనకుండేది. ఇల్లు కట్టినప్పుడు వీధిగుమ్మం ఎంత ఎత్తుండాలో కూడా ఆవిడ చేతే చెప్పించారు. ఆ గుమ్మం నెత్తికి తగిలిన ప్రతిసారీ ఒక్క మాటైనా అనకుండా ఆవిడ వంక మాత్రం చూసేవారు.

ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే ఆయనకు పదవీ విరమణ. పూలదండ, శాలువా, డైరెక్టరు గారి నోటి వెంట ‘మచ్చలేని మనిషి’ అనే ముక్క. ఈ జన్మకు వరహాలరావు గారు కోరుకున్నదల్లా అంతే. అందాకా ఏ కాగితం మీదా తన పేరు పడకుండా కాచుకోవాలి. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది.

“పాఠ్యపుస్తకములందు ఏ వృత్తివారి, ఏ ఉద్యోగుల, ఏ ప్రాంతీయుల మనస్సును నొప్పించు అంశములు ఉండరాదు. నొచ్చుకొనినవారు తాము నొచ్చుకొనినట్లు తెలియజేసినచో, సదరు నొప్పి తక్షణము తొలగింపబడవలెను.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. తడుముకున్న భుజాలకు మందు రాస్తామని సర్కారువారే ముందుకు రావడం మాత్రం ఇదే మొదలు.

అందరికంటే ముందు లాకు లస్కర్ల సంఘం వచ్చింది. కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే ఉద్యోగులు వాళ్ళు. వాళ్ళ నొప్పి పదో తరగతి తెలుగు వాచకంలో ఉంది. ‘లాకు తలుపులు’ అనే పాఠం. రాసినావిడ ఏలేశ్వరపు మాణిక్యాంబ గారని, ఎప్పుడో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్.

కథ చిన్నదే. నూకరాజు అని ఒక లస్కరు. పెద్ద వాన పట్టి కాలువ పొంగుతుంటుంది. తలుపులు ఎత్తాల్సింది అతనే. ‘పైవాళ్ళు చెప్పాలి గదా, నాకెందుకు’ అనుకుని ముసుగుతన్ని పడుకుంటాడు. గట్టు తెగి ఊరి చేలన్నీ మునిగిపోతాయి, అతని కూతురి చేనుతో సహా. చివర మొలలోతు నీళ్ళలో నిలబడి కూతురితో “తలుపులు ఎత్తవలసింది నేనే” అంటాడు. పాఠం అక్కడితో సరి. ఆ మాట దగ్గర చాలామంది పిల్లలకు కళ్ళు చెమర్చేవి. కళ్ళు చెమర్చనివాళ్ళు కూడా దాన్ని కంఠతా పట్టేవాళ్ళు, ఎందుకంటే పాఠం కింద ఏళ్ళ తరబడి దాని మీదే ఒక ప్రశ్న ఉంది: ‘ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?’

“ఆయ్, మేం ఎండనకా వాననకా గట్ల మీదే పడుంటామండి,” అన్నాడు సంఘం అధ్యక్షుడు. “మా పిల్లలు ఇస్కూలుకెల్తే ‘నూకరాజు కూతురొచ్చిందిరా’ అని నవ్వుతున్నారండి. మాకు నొప్పెట్టిందండి. ఇయిగోండి, నొప్పెట్టినోళ్ళందరి సంతకాలూనూ.”

“చూద్దాం,” అన్నారు వరహాలరావు గారు.

చూడ్డానికి ఒక కమిటీ వేశారు. ఆయనే కన్వీనరు. కమిటీలో ఆయన మాట్లాడే తీరు వినితీరాలి. “లస్కరు స్థానే ఇంకెవరైనా ఉంటే ఎలా ఉంటుందని కొందరు అనుకునే అవకాశం లేకపోలేదు,” అన్నారు. ఆ కొందరెవరో ఎవరూ అడగలేదు. అడిగితే అడిగినవాడు ఆ కొందరిలో కలుస్తాడు. సభ్యులందరూ తల ఊపారు. అది అడ్డంగానో నిలువుగానో తేలని ఊపు. నూకరాజు పోయి ఆ స్థానంలో ఒక అసిస్టెంటు ఇంజినీరు వచ్చాడు.

వారం తిరక్కుండా ఇంజినీర్ల సంఘం కార్లలో దిగింది. వాళ్ళ వినతిపత్రం వాళ్ళే చదివి వినిపించారు. “సాంకేతిక నిపుణులు ముసుగుతన్ని పరుండరు. విశ్రమింతురు. అదియును ముందస్తు అనుమతితో.” ఇంజినీరు పోయి రైతు వచ్చాడు.

రైతులు వినతిపత్రాలు రాసే రకం కాదు. ట్రాక్టర్లు తెచ్చి మండలి గేటుకు అడ్డంగా పెట్టారు. “గట్టు తెగితే మునిగేది మేమే, తెంపింది కూడా మేమేనంటారేంటండీ? రాసే చేతికి సిగ్గుండద్దా?” అని ఒక పెద్దాయన కండువా దులిపాడు. వరహాలరావు గారు కిటికీలోంచి చేతులు రెండూ ఎత్తి చూపించారు, ‘ఇవి కావు’ అన్నట్టు.

ఇక మనుషులతో పెట్టుకుంటే లాభం లేదని ఒక గేదెను తెచ్చారు. గేదె గట్టు తొక్కిందనీ, గట్టు జారిందనీ. పాడిపశువుల సంక్షేమ సమాఖ్య అభ్యంతరం తెలిపింది: నోరులేని జీవి సంజాయిషీ ఇచ్చుకోజాలదు కనుక దానిపై ఆరోపణ సహజ న్యాయానికి విరుద్ధం. గేదె వెళ్ళి ఎండ్రకాయ వచ్చింది. అది గట్టుకు బొరియ పెట్టిందట. ఎండ్రకాయలు పెంచి ఓడల్లో పంపించే వ్యాపారులు, ఈ పాఠం వల్ల విదేశాల్లో ఎండ్రకాయ పరువు పోతోందని మొరపెట్టుకున్నారు. పోనీ పాపం వాన మీద తోసేద్దామంటే వాతావరణ కార్యాలయం ఊరుకోలేదు. “సదరు వర్షము మా అంచనాలకు లోబడియే కురిసినది. దానికి దురుద్దేశము ఆపాదింపరాదు.” ఈలోగా పాఠంలోని ఊరి వాళ్ళు వచ్చి, మా ఊళ్ళో గండి పడిందంటే మా పిల్లలకు సంబంధాలు రావడం లేదన్నారు. ఊరి పేరు కూడా కొట్టేశారు.

అన్ని నొప్పులూ తగ్గాక మిగిలిన పాఠం ఇది: “ఒక ఊరిలో ఒక కాలువ కలదు. ఒకనాడు దానికి గండి పడినది. నీరు వచ్చినది. ‘తలుపులు ఎత్తవలసింది నేనే.’”

ఆ చివరి వాక్యం కూడా పోవాల్సిందే కానీ, పాఠం కింద ప్రశ్నలు పరీక్షల విభాగం వారి సొత్తు. ప్రశ్నలో ఉన్న వాక్యం పాఠంలో ఉండి తీరాలని వాళ్ళు భీష్మించుకు కూర్చున్నారు. దాంతో అనేవాడు లేకుండానే ఆ మాట మిగిలిపోయింది.

సంగతి తెలిసి మాణిక్యాంబ గారు చేతికర్ర పొడుచుకుంటూ మేడమెట్లెక్కి వచ్చింది.

“మా నూకరాజేడి నాయనా?”

“దయచేయండమ్మా. ఆ పోస్టు ప్రస్తుతం ఖాళీగా ఉందండి.”

“మరి ఈ చివర ‘నేనే’ అంటున్నదెవరు?”

“చూద్దామండి.”

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “నువ్వు తప్పు చేసినవాణ్ణి తీసేశాననుకుంటున్నావు. తప్పు చేసేవాళ్ళకు లోకంలో కరువేం లేదు, వాడు పోతే పోయాడు. ఒప్పుకున్నవాడు పోయాడు నాయనా. వాడి కోసమే రాశాను నేనా కథ. వాడు లేని పాఠానికి నా పేరెందుకు, తీసెయ్యి.”

ఒక్క క్షణం వరహాలరావు గారికి ఆ ముసలావిడకు లేచి నమస్కారం పెట్టాలనీ, ఇదంతా నా చేతకానితనమమ్మా అనాలనీ నిజంగానే అనిపించింది. మంచినీళ్ళు తాగారు. అదీ దిగిపోయింది.

ఆవిడ పేరు తీసేసేసరికి కొత్త చిక్కు వచ్చిపడింది. ఏ పాఠమైనా అచ్చుకు పోవాలంటే దాని కింద ఎవరిదో ఒకరి పేరుండాలని నియమం. ఎవరి పేరు పెట్టాలో తేల్చడానికి డైరెక్టరు గారు సమావేశం పెట్టారు. ఇలాంటి సమావేశాలనాడు వరహాలరావు గారికి కడుపునొప్పి రావడం సర్వీసు మొదట్నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆరోజూ వచ్చింది. సెలవు పెట్టి ఇంట్లో మజ్జిగన్నం తిని పడుకున్నారు.

సమావేశంలో సభ్యులందరూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు, తర్వాత అందరూ కలిసి ఖాళీ కుర్చీ వంక చూశారు. మండలి చరిత్రలో అంత త్వరగా ఏకాభిప్రాయం కుదరడం ఎవరూ ఎరగరు. డైరెక్టరు గారు చెప్పి రాయించారు: “హాజరు కానివారి అభ్యంతరము నమోదు కానందున, వారి సంపూర్ణ సమ్మతి కలదని భావించడమైనది.”

పుస్తకాలు వచ్చాయి. పాఠం తెరిచి చూసిన వరహాలరావు గారికి గుండె జారింది. చివరి వాక్యం, ‘తలుపులు ఎత్తవలసింది నేనే.’ దాని కిందే, కుడిచేతి వైపు, ముద్దుగా చిన్న అక్షరాల్లో: పొన్నాడ వరహాలరావు.

దిద్దుబాటుకు దారి లేకపోలేదు. తప్పొప్పుల చీటీ అచ్చువేయించి పుస్తకాల్లో అంటించవచ్చు. దానికి బాధ్యత గల అధికారి సంతకం కావాలి. ఆ అధికారి తానే. కలం మూత తీశారు, మళ్ళీ పెట్టేశారు. “పాఠం కింద పేరు ఎవడు చదువుతాడులే, చూద్దాం,” అనుకున్నారు.

ఆయన అనుకున్నదీ నిజమే, మామూలు రోజుల్లో ఎవడూ చదవడు. కానీ ఆ ఏడు పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్నే పడింది. ‘తలుపులు ఎత్తవలసింది నేనే - ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?’ పిల్లలు పాపం పాఠమంతా మనసులో తిరగేశారు. కాలువ ఉంది, గండి ఉంది, నీరు ఉంది. మనిషి పేరంటూ ఒక్కటే ఉంది. రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా పిల్లలందరూ ఒకటే రాశారు: ‘ఈ మాట పొన్నాడ వరహాలరావు గారు గండి పడిన సందర్భంలో ప్రజలతో అన్నారు.’

దిద్దే మాస్టర్లు తలలు పట్టుకుని పరీక్షల విభాగాన్ని అడిగారు. పరీక్షల విభాగం మండలిని అడిగింది. మండలిలో ఆ ప్రశ్న తిన్నగా వరహాలరావు గారి బల్ల మీదికే వచ్చింది. ‘ఇది తప్పు, నేనలా అనలేదు’ అని ఒక్క ముక్క రాస్తే తీరిపోయేది. ‘అయితే ఎవరన్నారు?’ అని మళ్ళీ అడుగుతారు కదా. కాగితాన్ని పేపర్‌వెయిట్ కింద భద్రంగా పెట్టారు. జవాబు రాకపోయేసరికి పరీక్షల విభాగం తన నియమం తాను పాటించింది: అత్యధికులు రాసినదే సరైన సమాధానం.

ఫలితాలు వచ్చిన రోజున పక్కింటి పార్వతీశం గారి భార్య లడ్డూలు పట్టుకొచ్చింది. “అన్నయ్యగారూ, మా పెద్దదానికి మీరే దిక్కయ్యారండీ. తెలుగులో గట్టెక్కదనుకున్నాం. మీ పేరు రాసి బయటపడింది!”

రాజ్యం గారు లడ్డూ అందుకుని మొగుడి వంక చూసింది. “ఇదేం చోద్యమండీ? ఊరందరి పిల్లలూ మీరు గండి కొట్టారని రాయడమేమిటి, దానికి మార్కులు వెయ్యడమేమిటి? వెళ్ళి ఖండించరూ?”

“చూద్దాంలే. నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు.”

పిల్లలు నిజంగానే మర్చిపోయారు. వానాకాలం వచ్చింది. ఎక్కడో కాలువకు నిజం గండి పడింది. ఊళ్ళు మునిగాయి, కోతకు రావలసిన చేలు బురదలో కలిశాయి, గొడ్లు కొట్టుకుపోయాయి. జనం రోడ్డెక్కి “ఎవడు దీనికి బాధ్యుడు?” అని అరిచారు. సర్కారువారు వెంటనే విచారణ సంఘం వేశారు. గట్టు కట్టడం తర్వాత సంగతి.

లస్కర్లు ఇంజినీర్లన్నారు, ఇంజినీర్లు కాంట్రాక్టర్లన్నారు, కాంట్రాక్టర్లు ఎండ్రకాయలన్నారు. తిలా పాపం తలా పిడికెడు అని అయినా పంచుకోలేదెవరూ. పిడికెడు కూడా పుచ్చుకోవడానికి చెయ్యి చాపినవాడు లేడు. విచారణ సంఘం అధ్యక్షులు గారికి చెమటలు పట్టాయి. పేరు లేకుండా నివేదిక ఇవ్వడానికి లేదు. అప్పుడు గుమాస్తా ఒకడు తన కూతురి తెలుగు వాచకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అధ్యక్షులు గారు పాఠం చదివారు. కింద పేరు చదివారు. కుర్చీలో వెనక్కి వాలారు.

వరహాలరావు గారికి పిలుపు వచ్చేనాటికి పదవీ విరమణ ఇంకో వారంలోకి వచ్చింది. ఆఫీసులో శాలువా కొని బీరువాలో పెట్టేశారు కూడా. పొద్దున్న బయల్దేరుతుంటే రాజ్యం గారు గుమ్మం దాకా వచ్చింది.

“నా మాట వినండి. ‘పాఠం మార్చింది నేనే’ అని చెప్పేయండి. అంతే కదా. ఎవరూ మిమ్మల్ని ఉరి తియ్యరు. ఈ ఒక్కసారికి నా కోసం అనండి,” అంది.

ఆయన రిక్షాలో దారి పొడుగునా మననం చేసుకున్నారు. మార్చింది నేనే. మార్చింది నేనే. అనుకుంటుంటే నాలుక మీద కొత్త కూర రుచిలా ఉంది. బాగానే ఉన్నట్టు కూడా అనిపించింది.

“ఈ పాఠములో ప్రస్తావించిన గండి ఏ ఊరిది?” అన్నారు అధ్యక్షులు.

“ఊరి పేరు తీసేయడమైనదండి.”

“అట్లయిన ఇది మొన్న పడిన గండి కాదని మీరు చెప్పగలరా?”

“అది... చెప్పడం కష్టమండి.”

“‘తలుపులు ఎత్తవలసింది నేనే.’ దిగువన మీ నామధేయము. ఇది ప్రభుత్వ ప్రచురణ. మీరే ఆ మాట అంటిరని రాష్ట్రమందలి విద్యార్థులు ముక్తకంఠముతో వ్రాయగా, ప్రభుత్వము మార్కులిచ్చి ధ్రువీకరించినది. ప్రభుత్వము సరియనినదానిని ప్రభుత్వమే కాదనుట నియమావళికి విరుద్ధము.”

వరహాలరావు గారి అవస్థ చూసి అధ్యక్షులకు కూడా జాలేసింది కాబోలు, ఆఫీసు భాష పక్కన పెట్టి ముందుకు వంగారు. “చూడండి వరహాలరావు గారూ, ఈ వాక్యం మీది కాదని నాకు తెలుసు. ఎవరో లస్కరు అన్న మాట. వాణ్ణి తీసింది నేనేనని మీరొక్క మాట అనండి. పాఠం మార్చినందుకు మందలించి వదిలేస్తారు. గండి కొట్టినవాణ్ణి అలా వదలరు. అనేయండి మరి.”

వరహాలరావు గారు నోరు తెరిచారు. ‘మార్చింది’ దాకా గొంతులోకి వచ్చింది. పక్కన స్టెనో పెన్సిలు చెక్కి, కాగితం మీద ఆనించి, ఆయన నోటి వంకే చూస్తున్నాడు. ఆ నల్లటి మొన చూడగానే సర్వీసంతా కళ్ళ ముందు తిరిగింది. ఇప్పటిదాకా ఏ కాగితం మీదా లేదు. ఇంకొక్క వారం.

“చూద్దామండి,” అన్నారు.

స్టెనో రాసుకున్నాడు: ‘కాదనలేదు.’

ఉద్యోగం పోయింది, పింఛను పోయింది. కొన్న శాలువా వృథా పోకూడదని విచారణ సంఘం అధ్యక్షులకు కప్పారు. గట్టు మాత్రం అలాగే ఉంది. బాధ్యుడు దొరికాడు గనక దాన్ని కట్టే తొందర ఎవరికీ లేకపోయింది. మునిగినవాళ్ళు ఆ ఏడూ మునిగారు, మరుసటేడూ మునిగారు.

మండలి మాత్రం ఈ అనుభవం నుంచి గొప్ప లాభం పొందింది. నూకరాజు పోస్టుకు ఇన్నాళ్ళకు తగిన అభ్యర్థి దొరికాడు. ఆయనకు సంఘం లేదు, సమాఖ్య లేదు, ట్రాక్టర్లు లేవు. కొత్త వాచకంలో కథ మళ్ళీ నిండుగా వేశారు: వాన పట్టింది, కాలువ పొంగింది, వరహాలరావు అనే ఉద్యోగి ‘నాకెందుకు’ అనుకుని పడుకున్నాడు. అభ్యంతరం ఒక్కటీ రాలేదు. మాణిక్యాంబ గారి అనుమతి కోసం డైరెక్టరు గారు స్వయంగా వెళ్ళారు. ఆవిడ చదివి, పెన్ను తీసుకుని చివరి వాక్యం కొట్టేసింది.

“పేరు మీరు పెట్టుకున్నదే ఉండనీయండి. ఈ మాట మాత్రం వద్దు. మా నూకరాజు అన్నాడు గానీ, ఈయన అనడు,” అంది. దాని బదులు ఇంకో మాట రాసి ఇచ్చింది.

ఏడాది తిరిగింది. పార్వతీశం గారి రెండో అమ్మాయి పదో తరగతికి వచ్చింది. ఒక సాయంత్రం వాచకం పట్టుకుని అరుగు మీదికి వచ్చి, వాలుకుర్చీలో కూర్చున్న వరహాలరావు గారి ముందు నిలబడింది.

“బాబాయిగారూ, రేపు పరీక్షండీ. ‘చూద్దాం - ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?’ అని ఉంది. ఎవరో తెలుసండీ. ఎవరితోనని రాయాలండీ?”

వరహాలరావు గారు పుస్తకం వంక చూశారు, పిల్ల వంక చూశారు. పెదవులు కదిలాయి.

“చూ...”

లోపల కూర తరుగుతున్న రాజ్యం గారు కత్తిపీట వదిలేసి వచ్చింది. వచ్చి పిల్ల పక్కన చతికిలబడింది.

“అందరితోనూ అని రాయవే తల్లీ,” అంది. “సందర్భం నేను చెబుతాను, కూర్చో. చెప్పేసరికి పొద్దుపోతుంది.”